కొండ మీది ఎర్ర కాగితం

మా వైపు ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా కొండ ఎక్కకూడదు. తిరుమల కానీ, సింహాచలం కానీ, అన్నవరం కానీ, కొండ మీద దేవుడున్నాడంటే ఆ ఏడాదంతా కింది నుంచే దణ్ణం పెట్టుకోవాలి. ఈ నియమం చైనా కొండలకు కూడా వర్తిస్తుందా అని నేనెవర్నీ అడగలేదు. మేముండే దేశ రాజధానిలో, ద్వారక వైపు, మాకు కర్మకాండలు చేయించే తెలుగు శాస్త్రిగారిని అడిగితే ఆయన ముందు, ఏడాదిలోపు అసలు దేశం దాటడం ఎందుకమ్మా అనేవారు. ఆ మాట మా తోటికోడలు కాకినాడ నుంచి ఫోన్లో ఎలాగూ అనేసింది. అనేవాళ్ళ నోరు మూయలేం కదా. ఆవిణ్ణి అననిచ్చి, ఆఫీసులో అనుమతి కోసం కాగితం పెట్టుకున్నాను.

నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని. ఇరవై ఆరేళ్ళుగా ఫైళ్ళ మీద నోట్లు రాయడమే నా పని. మాకు విదేశం వెళ్ళాలంటే, అందులోనూ చైనా అంటే, నాలుగు చోట్ల సంతకాలు కావాలి. ఎందుకు వెళ్తున్నారు అనే గడిలో 'కూతుర్ని చూడటానికి' అని రాశాను. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. కూతురితో నేనాడిన ఒక అబద్ధాన్ని విప్పి చెప్పడానికి వెళ్ళాను.

మాకు ఒక్కతే కూతురు. చైనాలో డాక్టరు చదువుతోంది. కిందటేడు జూన్‌లో, దానికి పరీక్షలు మొదలైన రెండో రోజున, మా ఆయన గుండె ఆగి పోయారు. యాభై నాలుగేళ్ళు. ఆ కబురు నేను దానికి పదకొండు రోజుల తర్వాత, ఆఖరి పరీక్ష రాసి బయటికొచ్చాక చెప్పాను. అప్పుడైనా ఉన్నదున్నట్టు చెప్పానా అంటే, లేదు. నిన్న రాత్రి పోయారని చెప్పాను.

పరీక్షలప్పుడు పిల్లలకి చావు కబురు చెప్పకపోవడం మాలాంటి ఇళ్ళల్లో కొత్తేమీ కాదు. మా తాతగారు పోతే నాకు ఇంటర్ పరీక్షలయ్యాకే చెప్పారు. నేను ఒక పూట ఏడ్చి మామూలైపోయాను. ఆసుపత్రి వరండాలో, ఇందిరాపురం నుంచి పరిగెత్తుకొచ్చిన మా అన్నయ్య, పిల్లకి ఇప్పుడే చెప్పకు అన్నాడు. అక్కడున్న వాళ్ళందరూ తలూపారు. కానీ నెపం వాళ్ళ మీదకి నెట్టను. వాళ్ళు అనకముందే నేను ఆ మాట అనుకున్నాను. అప్పటికి ఆయన పోయి పది నిమిషాలు కూడా కాలేదు.

ఆయన ఫోను నా చేతిలో ఉంది. దాని మీద అమ్మాయి మెసేజ్ పడింది. రేపు ఫార్మకాలజీ నాన్నా, భయమేస్తోంది అని. ఊరుకుంటే ఇంకోటి పెడుతుంది, దానికీ ఊరుకుంటే ఫోన్ చేస్తుంది. నేను ఆయనలాగా జవాబు రాశాను. భయం దేనికిరా, అన్నీ చదివినవే కదా, హాయిగా పడుకో అని. ఇలా చేద్దామని ఆలోచించి చేసిన పని కాదది. చేతికి అదే వచ్చింది. ఆయన్ని ఇంకా కిందికి తీసుకురాలేదు.

అక్కణ్ణించి పదకొండు రోజులు ఆయన నేనే. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆయనకు గొంతు పూర్తిగా పట్టేసింది, డాక్టరు వారం పది రోజులు మాట్లాడొద్దన్నాడు, అందుకే మెసేజ్‌లే అని చెప్పాను. అది డాక్టరు చదువుతున్న పిల్ల. ఆవిరి పట్టమంది, ఉప్పునీళ్ళు పుక్కిలించమంది, ఏ మందు ఇచ్చారో ఫోటో పెట్టమంది. మందు పెట్టె దుకాణంలో కొని ఫోటో పెట్టాను. ఇంటి నిండా చుట్టాలు. నేను బాత్‌రూమ్‌లో తలుపేసుకుని, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ఇవాళ పేపరు ఎలా రాశావు అని టైపు చేసేదాన్ని. పదో రోజు నా చేతి గాజులు తీసేశారు. ఆ సాయంత్రమే ఆయన ఫోన్లోంచి దానికి నవ్వుతున్న బొమ్మ పంపాను.

ఆ పదకొండు రోజుల్లో నాకు ఏడుపు రాలేదు. మనిషి ఎంత గట్టిదో చూడండి అని మా సొసైటీ ఆంటీలు చెప్పుకున్నారు. గట్టిదనం నా మొహం. తర్వాత ఏడవొచ్చులే అనుకున్నాను. తర్వాత కూడా రాలేదు. ఆఫీసుకి వెళ్ళాను, మెట్రోలో నిలబడ్డాను, కూరలు కొన్నాను, నెల నెలా మాసికాలకి మా మరిది వస్తే వంట చేసి పెట్టాను. ఎవరైనా ఎలా ఉన్నారు అంటే ఠీక్ హై అనేదాన్ని. బాధ ఎక్కువై కూడా కాదు, ఏమీ లేక అలా అనేదాన్ని.

కబురు చెప్పినప్పుడు అమ్మాయి వస్తానంది. దాని పాస్‌పోర్టు అప్పుడు అక్కడి పోలీసు ఆఫీసులో ఉంది, ఏటేటా అనుమతి పొడిగించుకోవడానికి ఇవ్వాలట. ఎలాగోలా తెచ్చుకుని వస్తానంది. వద్దన్నాను. ఎండలకి ఎక్కువసేపు ఉంచలేకపోయాం, అన్నీ అయిపోయాయి, నువ్వొచ్చి చూసేదేమీ లేదు అన్నాను. అది ఇంటికొస్తే ఎవరో ఒకరు అసలు తేదీ అనేస్తారని నా భయం. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడం అంటే ఇదే. ఆ తర్వాత దాని ఫోన్లు తగ్గాయి. ఆదివారం ఐదు నిమిషాలు. తిన్నావా, తిన్నాను, వాతావరణం ఎలా ఉంది, అంతే.

సరే, అలాగే ఏడాది గడిచిపోయేదేమో. కానీ ఈ వేసవిలో అదే ఫోన్ చేసి, నాన్న ఏడాదికి వస్తున్నాను, ఆసుపత్రిలో సెలవు అడిగాను, టికెట్ కొనబోతున్నాను అంది. తేదీ చెప్పింది. నేను చెప్పిన అబద్ధపు తేదీని బట్టి వేసుకున్న లెక్క అది. ఆ లెక్కన వచ్చేసరికి ఇక్కడ అసలు తిథికి తద్దినం అయిపోయి వారం దాటిపోతుంది. తండ్రిని ఒకసారి దక్కనివ్వలేదు, రెండోసారి కూడా నేనే దక్కనివ్వకపోతే ఎలా? తిథి లెక్క వేరు అంటూ నాలుగు రోజులు ముందు వెనకలు చేయొచ్చు, ఇంకో అబద్ధం అతకొచ్చు. అతికేదాన్నే. కానీ అది ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాటంది. ఆ ఆఖరి వారంలో నాన్న రాసినవి రోజూ పడుకునే ముందు చదువుకుంటాను మమ్మీ, నాన్న ఎప్పుడూ అంత మాట్లాడలేదు అంది.

ఆ రాసినవి నావి. నిజం చెబితే అవి పోతాయి. చెప్పకపోతే తద్దినం పోతుంది. ఏది దాని చేతిలో మిగల్చాలో తేల్చుకోలేక, ఫోన్లో చెప్పే ధైర్యం లేక, టికెట్ కొనకు, ముందు నేనొస్తాను అన్నాను.

మధ్యలో ఒకచోట విమానం మారి, తర్వాత రైలెక్కి, దాని ఊరు చేరేసరికి ఒకటిన్నర రోజు పట్టింది. పెద్ద ఊరేం కాదు. ఒక నది, దాని మీద నాలుగు వంతెనలు. అమ్మాయి స్టేషన్‌కి వచ్చింది. చిక్కిపోయింది. జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. కాళ్ళకి దణ్ణం పెట్టి సూట్‌కేసు అందుకుంది. నేను తెలుగులో అడగడం, అది హిందీలో చెప్పడం, చిన్నప్పటి నుంచి మా ఇద్దరికీ అలవాటే. వాళ్ళ నాన్నతో మాత్రం తప్పో ఒప్పో తెలుగులో రాసేది, ఇంగ్లీషు అక్షరాల్లో. హాస్టల్‌కి దగ్గర్లో చిన్న గది తీసుకుంది నా కోసం. అన్నం వండింది, పప్పు చేసింది, నేను తెచ్చిన గోంగూర పచ్చడి వేసుకుని ఇద్దరం తిన్నాం. మూడు రోజులు అలాగే తిన్నాం. ప్రతి పూటా ఈ ముద్ద అయ్యాక చెబుదాం అనుకునేదాన్ని. ముద్ద అయ్యాక గిన్నెలు కడిగేదాన్ని.

నాలుగో రోజు ఆదివారం. పొద్దున్నే తయారవ్వమంది. ఊరికి దూరంగా పల్లెల్లో ఒక కొండ మీద పాత గుడి ఉందట. నాన్న పోయినప్పటి నుంచి నెలకోసారి అక్కడికి వెళ్తోందట. ఆ సంగతి నాకిప్పటిదాకా చెప్పలేదు. బస్సులో రెండు గంటలు. కిటికీలోంచి వరి చేలు, తేయాకు పొదలు, నీళ్ళ మడుగుల్లో బాతులు కనిపించాయి. మా గోదావరి వైపు లాగే ఉంది కదా అని అమ్మాయి అంది. అవునన్నాను. నిజానికి నేను దేన్నీ చూడటం లేదు. చెప్పాల్సిన మొదటి వాక్యాన్ని లోపల రాసుకుంటున్నాను, కొట్టేసుకుంటున్నాను. ఆఫీసులో నోటు రాసే పద్ధతే, ముందు విషయం, తర్వాత పూర్వాపరాలు.

బస్సు ఆగిన చోట నలుగురైదుగురు ముసలమ్మలు బల్లలేసుకుని అగరొత్తులు, ఉడికించిన మొక్కజొన్న అమ్ముతున్నారు. ఒకావిడ నా చీర కొంగు పట్టుకుని బట్ట ఎలాంటిదో నలిపి చూసింది. అమ్మాయి వాళ్ళ భాషలో గడగడా మాట్లాడింది. ఆవిడకి అమ్మాయి బాగా తెలుసు, ఒత్తులు అడక్కుండానే కట్టి ఇచ్చింది. ఎదురుగా రాతి మెట్లు. పైన చెట్ల మధ్య నల్ల పెంకుల చూరు ఒక్కటే కనిపిస్తోంది.

నేను మొదటి మెట్టు దగ్గర ఆగిపోయాను. ఏడాది తిరగలేదు, నేను కొండెక్కకూడదు, నువ్వెళ్ళి రా, ఇక్కడ కూర్చుంటాను అన్నాను. అది నా వంక చూసింది. ఏడాదిగా నేను ఎక్కుతూనే ఉన్నాను, అయితే నేను చేసింది తప్పా అంది. నీకు తెలీదు కదా అన్నాను. తెలీదు, ఎవరూ చెప్పలేదు, నాకు ఎవరూ ఏదీ చెప్పరు అంది. గొంతు పెంచలేదు. ఎండ ఎక్కువగా ఉంది అన్నంత మామూలుగా అంది.

అక్కడే చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. చెప్పడం కంటే కొండెక్కడం తేలికనిపించింది. చెప్పులు విప్పబోతే, ఇక్కడ విప్పక్కర్లేదు మమ్మీ అంది. చెప్పులతోనే ఎక్కాను.

మెట్లు బాగా అరిగిపోయి ఉన్నాయి, మధ్యలో గుంటలు పడ్డాయి. గుడి కొన్ని వందల ఏళ్ళ నాటిదని, ఒకసారి కాలిపోతే ఊళ్ళవాళ్ళే మళ్ళీ కట్టుకున్నారని, ఒకప్పుడు రాజుగారి పరీక్షలు రాయడానికి వెళ్ళే కుర్రాళ్ళు దారిలో ఇక్కడ ఆగి మొక్కుకునేవారని అమ్మాయి చెబుతూ నడిచింది. పరీక్షల మాట వచ్చేసరికి ఆయాసం పేరు చెప్పి మెట్టు మీద కూర్చున్నాను. అలా నాలుగు చోట్ల కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ అది సీసా మూత తీసి వేడినీళ్ళు ఇచ్చేది. ఈ దేశంలో ఎండాకాలం కూడా వేడినీళ్ళే తాగుతారు. పైనుంచి దిగేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వి ఏదో అనేవారు. దగ్గరికొచ్చేశారు అంటున్నారట. ప్రతి మలుపులోనూ అదే చెప్పారు.

పైన వాకిలికి ఎత్తయిన గడప ఉంది, నా మోకాలి దాకా. తొక్కకూడదు, దాటాలి అంది అమ్మాయి. గడప తొక్కకూడదని నాకు నువ్వు చెబుతున్నావా అన్నాను. ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి అది కొంచెం నవ్వింది. లోపల రాతి ముంగిట్లో ఇత్తడి గంగాళమంత ధూపపాత్ర. మూడు ఒత్తులు వెలిగించి, నుదుటి దాకా ఎత్తి, నాలుగు దిక్కులా వంగమంది. వంగాను. గర్భగుడిలో ఆడరూపు దేవత, బంగారు రంగు అక్కడక్కడ పెచ్చులూడింది. మన అమ్మవారి కళ్ళలా పెద్ద కళ్ళు కావు, సగం మూసిన కళ్ళు. ఏమీ కోరుకోలేదు. ఏం కోరుకోవాలో తోచలేదు. పక్కన మెత్త మీద మోకాళ్ళూని అమ్మాయి చాలాసేపు తల వంచుకుని ఉంది.

తర్వాత నన్ను పక్క మండపంలోకి తీసుకెళ్ళింది. అక్కడ గోడ నిండా వరసగా ఎర్ర కాగితాలు, ఒక్కొక్కటి జానెడు పొడుగు, మీద నల్ల సిరాతో అక్షరాలు. బతికున్నవాళ్ళకి ఆయుష్షు, ఆరోగ్యం కోరి పేరు రాయించి పెడతారట. ఏడాది ఉంచుతారట. పోయినవాళ్ళకి పసుపుపచ్చ కాగితం, అది వెనక ఇంకో గదిలో. ఎరుపు బతికున్నవాళ్ళకే. ఈ నియమం గట్టిదట, పొరపాటున కూడా అటుదిటు చేయరట. పేర్లు రాసే సన్యాసిని ముందు అదే అడుగుతుందట, మనిషి ఉన్నారా అని.

అమ్మాయి కింది నుంచి మూడో వరసలో ఒక ఎర్ర కాగితం చూపించింది. అది నాన్న పేరంది. వాళ్ళ అక్షరాల్లో మా ఆయన పేరు ఎలా ఉంటుందో నేనేం చదవగలను? చూస్తూ నిలబడ్డాను. పరీక్షల మధ్యలో ఆదివారం వస్తే, తోటి అమ్మాయిలతో వచ్చి రాయించిందట, నాన్న గొంతు తొందరగా నయం కావాలని. నాన్న పోయాక వచ్చి, ఇది తీసేయండి అని ఆ సన్యాసినిని అడిగిందట. ఆవిడ తీయలేదట. పెట్టిన రోజున మీ నాన్న ఉన్నాడు కదా, దాని ఏడాది దాన్ని ఉండనీ అందట.

"దేఖో మమ్మీ," అంది అమ్మాయి, కాగితం అంచు వేలితో సరిచేస్తూ. "నేను పెట్టినప్పుడు నాన్న ఉన్నాడు. ఇదొక్కటే నేను నాన్న కోసం టైమ్‌కి చేసింది."

నేను రాసుకున్న మొదటి వాక్యాలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"అప్పటికి ఆయన లేరు," అన్నాను.

అది అర్థం కానట్టు చూసింది. మత్‌లబ్, అంటే ఏమిటి అంది. నువ్వు ఈ కాగితం పెట్టేసరికి నాన్న పోయి ఐదో రోజు అన్నాను. నీ పరీక్షలు మొదలైన రెండో రోజున పోయారు. నేను నీకు తేదీ అబద్ధం చెప్పాను. గొంతు పట్టేయడం అబద్ధం. మెసేజ్‌లు నేను రాశాను. ఇంత చిన్నగా అయిపోయింది, ఏడాది పాటు మోసింది.

దాని చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. దాన్ని తీసి, జేబులోంచి ఫోను తీసింది. గడప దాటి బయటికెళ్ళి మెట్టు మీద కూర్చుంది. నేను వెనకాలే వెళ్ళి పక్కన కూర్చున్నాను. పొమ్మంటుందేమో అనుకున్నాను. పొమ్మనలేదు. ఫోను మా ఇద్దరి మధ్యా పెట్టి, వాళ్ళ నాన్నతో మాట్లాడిన పేజీ తెరిచి, ఆఖరి మెసేజ్ మీద వేలు పెట్టి ఇదీ నువ్వేనా అన్నట్టు అడిగింది.

"యే?"

"నేనే."

కొంచెం పైకి జరిపింది. "యే?"

"నేనే."

అలా ఒక్కొక్కటే పైకి జరుపుతూ పోయింది. నువ్వు డాక్టరు అయినా కాకపోయినా నాకు ఒకటే అన్నది ఉంది. నేనే. మీ అమ్మ కోప్పడుతుంది కానీ నీ మీద ప్రాణం అన్నది ఉంది. అది చదివి అమ్మాయి తలెత్తి నా మొహంలోకి చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. అది కూడా నేనే అన్నాను. నాన్న ఇలా ఎప్పుడైనా అన్నాడా అని అడిగింది. అనలేదు, అనుకునేవారు అన్నాను. నీకెలా తెలుసు అంది. పాతికేళ్ళు కాపురం చేశాను కదా అనబోయి మానేశాను.

ఇంకాస్త పైకి వెళ్ళాక ఆగింది. అక్కడ దాని మెసేజే పెద్దది ఉంది. అంతకు ముందు సెమిస్టర్‌లో ఒక పేపరు పోయిందని, ఎవరికీ చెప్పలేదని, వదిలేసి వచ్చేయాలనిపిస్తోందని. చివర్న, మమ్మీకి చెప్పొద్దు ప్లీజ్ అని. దాని కింద జవాబు. పోతే పోయింది, మళ్ళీ రాస్తే సరిపోతుంది, మమ్మీకి చెప్పను.

"యే భీ తుమ్నే లిఖా?" అంది.

నేనే రాశానన్నాను. ఆ రోజు బాత్‌రూమ్‌లో అది చదివి నాకు ఒళ్ళు మండింది. నాలాగా అయితే అప్పటికప్పుడు ఫోన్ చేసి దులిపేసేదాన్ని. ఆయనైతే ఏమంటారో అని కూర్చుని ఆలోచించి, అది రాశాను. ఈ సంగతంతా దానికి చెప్పాను.

"మరి మమ్మీకి చెప్పావా?"

"చెప్పలేదు. ఏడాదైంది. నిన్నెప్పుడైనా అడిగానా?"

దానికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక తల మోకాళ్ళ మీద పెట్టేసింది. భుజాలు చాలాసేపు కదిలాయి, అది నవ్వు ఒక్కటే కాదు. దాని వీపు మీద చెయ్యి వేయాలో వద్దో తెలియలేదు. వేయలేదు. గుడికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు మమ్మల్ని చుట్టుకుని గడప దాటి లోపలికెళ్ళారు.

మొహం తుడుచుకుని మళ్ళీ ఫోను అందుకుంది. ఇంకా పైకి. భయం దేనికిరా అన్నది వచ్చింది. అది కూడా నేనే అన్నాను. అక్కణ్ణించే మొదలు. దాని పైన అమ్మాయి పెట్టిన ఫార్మకాలజీ మెసేజ్, ఆ పైన ఒక గులాబీ బొమ్మ ఉంది. మంచు బొట్లు, పక్కన ఒక సూక్తి, శుభోదయం అని వంకర అక్షరాలు. మా ఆయన ఇలాంటివి ఆఫీసు గ్రూపుకీ, అపార్ట్‌మెంటు గ్రూపుకీ, చుట్టాలందరికీ రోజూ పొద్దున్నే పంచేవారు.

"ఇది నాన్న?"

"అది నాన్నే. ఆ రోజు పొద్దున్న పంపింది."

ఆ గులాబీకి జవాబేమీ లేదు. అంతకు ముందు రోజుది ఒక సూర్యోదయం, దానికీ లేదు. ఆ ముందు రోజుదానికీ లేదు. ఇలాంటివి ఎవరు చూస్తారు, నేను కూడా చూసేదాన్ని కాదు. అమ్మాయి ఆ గులాబీని పెద్దది చేసి, ఆ సూక్తి మొత్తం పెదాలు కదుపుతూ చదివింది. తెలుగు అక్షరాలు దానికి కూడబలుక్కుంటే కానీ రావు. చాలాసేపు పట్టింది.

అప్పుడు నాకు తోచింది చెప్పేశాను. ఆ పదకొండు రోజులూ నేను ఆయనలాగా రాస్తూ ఉన్నంతసేపు ఆయన పోయినట్టు నాకు అనిపించలేదు, నీ పరీక్షలు అయిపోయి ఇక రాయక్కర్లేదు అన్న రోజునే పోయినట్టుంది, అందుకే ఆ తేదీ నోటికొచ్చిందేమో అన్నాను. క్షమించమని అడగడానికి కాదు. అలా జరిగింది కాబట్టి చెప్పాను.

అది ఫోన్లో గులాబీని మళ్ళీ చిన్నది చేసింది. తర్వాత అంది, "నన్ను అడగాల్సింది మమ్మీ. పరీక్ష రాస్తావా, నాన్న దగ్గరికొస్తావా అని ఒక్కసారి అడగాల్సింది."

"అడిగితే ఏమనేదానివి?"

"పతా నహీ. రాసేదాన్నేమో. కానీ అప్పుడు అది నేను రాసింది అయ్యేది."

అవును అన్నాను. అసలు తిథి ఎప్పుడో చెప్పాను, ఇంగ్లీషు తేదీ కూడా చెప్పాను. అది ఫోన్లో రాసుకుంది. ఆ తేదీకి టికెట్ దొరుకుతుందో లేదో చూడాలంది. వస్తానని మాత్రం అనలేదు, చూడాలంది. లోపలికెళ్ళి ఆ ఎర్ర కాగితం తీసేయమని చెబుతావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. ఉండనీ అంది. దాని ఏడాదికి ఇంకా మూడు వారాలుందట.

ఇక దిగుదాం, బస్సు పోతుంది అన్నాను. అది లేవలేదు. ఫోను బోర్లా పెట్టింది.

"ఆ రోజు ఏం జరిగిందో చెప్పు. నువ్వు ఫోన్లో చెప్పిందంతా కల్పించిందే కదా. అసలుది చెప్పు. పొద్దుటి నుంచి చెప్పు."

ఆ సంగతి నన్ను ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్ళందరూ ఎలా పోయారు అని అడిగారు, గుండె అని చెప్పాను, అంతటితో అయిపోయేది. పొద్దుటి నుంచి చెప్పమన్న మనిషి లేరు. నేను కూడా నాకు చెప్పుకోలేదు. సరేనని మొదలుపెట్టాను. ఆరింటికి లేచారు. బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పోశారు. కుర్చీలో కూర్చుని ఫోన్లో అందరికీ గులాబీలు పంపుకున్నారు. ఇంకో కప్పు టీ ఇవ్వవా అని అడిగారు. నాకు మెట్రోకి టైమైపోతోంది, ఒక్కపూట పెట్టుకుని తాగలేరా అన్నాను.

ఏడాది రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఎవరున్నారో ఎవరు చూస్తున్నారో కూడా తెలియకుండా, ఆ పరాయి గుడి మెట్ల మీద నోరు తెరిచి ఏడ్చాను. అమ్మాయి నన్ను ఊరుకోమనలేదు. కదలకుండా నా పక్కనే కూర్చుంది. నా ఏడుపు వెక్కిళ్ళలోకి దిగేదాకా ఆగి,

"ఫిర్? తర్వాత?" అంది.